భస్త్రిక చేస్తే దడ పెరుగుతోంది.. యోగా మానాలా, మాత్ర మానాలా?

ప్రశ్న: నమస్కారం మేడం. నాకు 41 ఏళ్ళు. కాకినాడలో ఉంటాం. పిఠాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరు నెలల క్రితం సాయంత్రం బడి నుంచి వస్తుంటే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కాయి. పిల్లల్ని చూడకుండానే పోతాననుకున్నాను. చిత్రాడ దగ్గర బస్సు ఆపించి దిగిపోయాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చూశారు, ఏమీ లేదన్నారు. తర్వాత మరో నాలుగుసార్లు అలాగే అయింది. సైకియాట్రిస్టు పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచెత్తే జబ్బు) అని చెప్పి రాత్రి పూట ఎస్సిటలోప్రామ్ మాత్ర రాశారు. వారానికోసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళమన్నారు, వెళ్తున్నాను. మాత్ర మొదలుపెట్టి ఐదు వారాలైంది. కొంచెం నయమే.

ఈలోగా మా అత్తయ్యగారు నన్ను యోగా క్లాసులో చేర్పించారు. ఆసనాలు బాగానే ఉన్నాయి. భస్త్రిక (వేగంగా ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం) మొదలుపెట్టగానే బస్సులో వచ్చిన దడే వచ్చింది. కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే గుండె చప్పుడు తప్ప ఏదీ వినపడదు, భయం ఇంకా పెరుగుతుంది. గురువుగారేమో ‘మాత్రలు మానెయ్యమ్మా, మూడు నెలల్లో నేను తగ్గిస్తాను’ అంటున్నారు. మా వారు ‘రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో’ అంటున్నారు. బస్సెక్కడం మానేశాను, ఆయనే బండి మీద దింపుతున్నారు. ఒక్కోసారి ఇలా ఎన్నాళ్ళు బతకాలి అనిపిస్తుంది. రెండూ కలిపి చేయవచ్చా?

— ఒక సోదరి, కాకినాడ

జవాబు: చేయవచ్చమ్మా. చేయండి. మాత్ర ఆపకండి, సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళడం ఆపకండి, యోగా కూడా ఆపకండి. భస్త్రికను మాత్రం ఈ రోజు నుంచే పక్కన పెట్టండి. ఊపిరిని వేగంగా బయటికి కొట్టే కపాలభాతి కూడా వద్దు.

మిగతా మాటల్లోకి వెళ్ళేముందు మీ ఉత్తరంలో చివరి వాక్యాల దగ్గర ఆగాను. ‘ఇలా ఎన్నాళ్ళు బతకాలి’ అన్నది విసుగుతో వచ్చిన మాటే కావచ్చు. అయినా వచ్చే వారం మీ సైకాలజిస్టు ముందు ఆ మాటను యథాతథంగా చెప్పండి. అది ఎప్పుడైనా ‘బతకకూడదు’ అనే వైపు తిరిగితే వచ్చే వారం దాకా ఆగవద్దు. 14416, మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆ రోజు ఇంట్లో ఒక మనిషిని పక్కన ఉంచుకోండి.

ఇప్పుడు ఆ బస్సు దగ్గరికి వద్దాం. అక్కడ ఏం జరిగిందో అర్థమైతే భస్త్రిక ఎందుకు పడలేదో కూడా అర్థమవుతుంది.

ఒంట్లో ఏదో చిన్న తేడా వచ్చింది. ఉక్కపోత కావచ్చు, మధ్యాహ్నం సరిగా తినకపోవడం కావచ్చు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. ‘ఇదేంటి?’ అని మనసు అటు తిరిగింది. భయపడ్డప్పుడు ఎవరికైనా శ్వాస వేగం పెరుగుతుంది. వేగంగా, పైపైన పీల్చి వదులుతుంటే రక్తంలో ఉండాల్సిన బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గిపోతుంది. అది తగ్గితే వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే ఊపిరి అందడం లేదని మీకు అనిపించిన ఆ సమయంలో మీరు నిజానికి అవసరానికి మించి పీలుస్తున్నారు. ఆ తిమ్మిరిని చూసి మనసు ‘హార్ట్ అటాక్’ అని తీర్పు చెప్పేసింది. తీర్పుతో భయం రెట్టింపైంది, భయంతో శ్వాస ఇంకా పెరిగింది. గానుగ చుట్టూ తిరిగినట్టు ఒకదాని వెనక ఒకటి. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1986లో పానిక్ గురించి చెప్పిన వివరణ ఇదే: ఒంట్లో వచ్చిన మామూలు మార్పుకు మనసు ప్రాణాంతకమైన అర్థం చెప్పుకోవడం. మీ సైకాలజిస్టు చేస్తున్న చికిత్స ఎక్కువగా దాని మీద నిలబడిందే.

భస్త్రిక అంటే కొలిమి తిత్తి. పేరులోనే ఉంది. తిత్తిలా వేగంగా పీల్చి వదలాలి. అంటే బస్సులో భయం మీచేత చేయించిన పనినే క్లాసులో కావాలని చేయించారు. తిమ్మిరి వచ్చింది, దడ వచ్చింది, మీ మనసు పాత తీర్పునే మళ్ళీ చదివింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇందులో మీ లోపం లేదు, యోగా లోపం కూడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తెలిసిన గురువు దగ్గర నేర్చుకుని చేసే సాధన అది. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఎలా వద్దంటామో, అదుపులోకి రాని పానిక్ ఉన్నవాళ్ళకీ అలాగే వద్దంటాం. క్లాసులో చేరేటప్పుడే ఈ ప్రశ్నలు అడగాలి. చాలాచోట్ల అడగరు. నాకు బాధ కలిగించేది అదే.

ఒక సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మా చికిత్స గదిలో మేమూ వేగంగా ఊపిరి తీయిస్తాం. రెండేళ్ళ క్రితం ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చేవారు. మీలాంటి సమస్యే, ఆయనకది లిఫ్టులో వచ్చింది. ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు రాసిచ్చాక, నాలుగు వారాలు మాట్లాడుకున్నాక, ఒకరోజు కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క నిమిషం వేగంగా పీల్చి వదలమన్నాను. నేనూ పక్కనే కూర్చుని ఆయనతో పాటు చేశాను. ముప్పై సెకన్లకే ఆయన చేతులు చీర కొంగులా వణికాయి. ‘తిమ్మిరి వస్తోంది మేడం.’ ‘ఎక్కడిదాకా వచ్చింది?’ ‘వేలి రెండో కణుపు దాకా.’ ‘నాకూ వచ్చింది, నాకు మొదటి కణుపు దాకానే. భయం పదికి ఎంత?’ ‘ఎనిమిది.’ ఆపేసి ఇద్దరం చేతులు చూసుకుంటూ కూర్చున్నాం. మూడో నిమిషానికి తిమ్మిరి దిగింది. మళ్ళీ చేశాం. మూడోసారికి ఆయన భయానికి మూడు మార్కులు వేశారు. తిమ్మిరి మాత్రం అంతే వచ్చింది.

చూశారా, తిమ్మిరి మారలేదు, దానికి ఆయన చెప్పుకున్న అర్థం మారింది. క్లాసులో మీకు జరిగినదానికీ దీనికీ శ్వాసలో తేడా లేదు. తేడా అంతా ముందు చెప్పడంలో, పక్కన ఉండడంలో, తర్వాత మాట్లాడుకోవడంలో ఉంది. ఇది మీ సైకాలజిస్టు సమయం చూసి చేయిస్తారు, ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించకండి.

మీరు లెక్కల టీచరు కాబట్టి ఒక సూత్రం చూపిస్తాను. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం, 31వ సూత్రం: ‘దుఃఖ దౌర్మనస్యాంగమేజయత్వ శ్వాసప్రశ్వాసా విక్షేపసహభువః’. మనసు చెదిరినప్పుడు దానితో పాటు పుట్టేవి ఇవీ అంటాడు: దుఃఖం, మనసు కుంగిపోవడం, ఒళ్ళు వణకడం, అదుపు తప్పిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చదవండి. దాదాపు అన్నీ ఉన్నాయి. ‘సహభువః’ అన్న మాట నాకు చాలా ఇష్టం. కలిసి పుట్టేవి. మనసు జబ్బా, ఒంటి జబ్బా అని మీ ఇంట్లో జరుగుతున్న తగాదా ఆ ఒక్క మాట దగ్గర తేలిపోతుంది. కలిసి పుట్టినవాటిని రెండు వైపుల నుంచీ పట్టుకోవచ్చు. ఒంటి వైపు నుంచి యోగా పట్టుకుంటుంది, అర్థాల వైపు నుంచి మనస్తత్వశాస్త్రం పట్టుకుంటుంది. మాత్ర ఆ రెండూ పనిచేసేంత నెమ్మదిని మెదడుకి ఇస్తుంది.

మూడు సూత్రాల తర్వాత 34లో ఆయన చెప్పిన ఉపాయం శ్వాసను వెలుపలికి వదిలి నిలపడం. నిలపడం గురువు దగ్గర నేర్చుకోవాల్సినది, మీకు ఇప్పుడు అవసరం లేదు. వదలడం మాత్రం మీకు కావలసిందే. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. వదలడం సాగదీస్తే ఆ తగ్గడమూ సాగుతుంది.

ఇలా చేయండి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. దిద్దాల్సిన నోటుబుక్కుల్లో ఒకటి తీసి బొడ్డు మీద పెట్టుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద. పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, ఛాతీ మీద చెయ్యి దాదాపు కదలకూడదు. మొదట్లో తిరగబడుతుంది, ఛాతీయే లేస్తుంది, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి. కంగారుపడకండి, చాలామందికి అంతే. మనసులో సెకనుకో అంకె చొప్పున నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున వస్తుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాం. అది కష్టంగా ఉంటే మూడు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు లెక్కపెడుతూ వదలండి. గట్టిగా, లోతుగా పీల్చాలని చూడకండి. ‘డీప్ బ్రీత్ తీసుకో’ అని పక్కవాళ్ళు ఇచ్చే సలహా పానిక్ మనిషికి చాలాసార్లు చేటే చేస్తుంది, ఉన్న గాలి చాలదన్నట్టు ఇంకా పీల్చేస్తారు. మెల్లగా, తక్కువగా, పొడవుగా. పది నిమిషాలు చాలు. భ్రామరి కూడా చేయండి, తుమ్మెదలా ‘మ్‌’ అంటూ ఉంటే వదలడం దానంతటదే పొడవవుతుంది. చెవులు మూసుకోనక్కరలేదు, మూసుకుంటే మీకు మళ్ళీ గుండె చప్పుడే వినిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ప్రాణాయామాన్ని తాయెత్తు చేసుకోకండి. చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఆ పనిలో ఉంటారు. దడ రాగానే కంగారుగా లెక్కపెట్టడం మొదలుపెడతారు, ‘ఇది చేయకపోతే చచ్చిపోయేదాన్ని’ అని నమ్ముతారు. అప్పుడు మనసు నేర్చుకున్నదేమిటి? దడ ప్రమాదమే, ప్రాణాయామం కాపాడింది అని. మీరు నేర్చుకోవాల్సింది అది కాదు. దడ దానంతటదే వస్తుంది, మామూలుగా పది నిమిషాల్లోపే కొస ఎక్కి దానంతటదే దిగుతుంది. కాబట్టి సాధన పొద్దున్నే, ఒక వేళకు, దడ ఉన్నా లేకపోయినా. బస్సులో దడ వచ్చినప్పుడు దాన్ని తరిమే పని పెట్టుకోవద్దు. అరికాళ్ళు నేలకి ఆనించి, ముందు సీటు కమ్మీ పట్టుకుని, ‘వచ్చావా, ఉండు’ అని కూర్చోండి. మొదటిసారి ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆసనంలో కాలు లాగుతున్నా మెల్లగా నిలబడడం నేర్చుకున్నారు కదా, అదే ఓర్పు ఇక్కడ పనికొస్తుంది. ‘స్థిరసుఖమాసనమ్’ అన్న సూత్రాన్ని బస్సు సీట్లో సాధన చేయడం అనుకోండి.

ధ్యానం సంగతి. కళ్ళు మూసుకుంటే బయటి ప్రపంచం తగ్గుతుంది, లోపలి చప్పుళ్ళు పెరుగుతాయి. గుండె చప్పుడంటేనే భయపడే మనిషికి అది ధ్యానం ఎలా అవుతుంది? కళ్ళు తెరిచే చేయండి. చూపు నాలుగడుగుల దూరంలో నేల మీద నిలపండి. లేదంటే డాబా మీద చెప్పుల్లేకుండా మెల్లగా నడవండి, మడమ ఆనడం, వేళ్ళు ఆనడం, అంతే గమనించండి. తాడాసనంలో నిలబడి బరువు ఏ పాదం మీద ఎక్కువ పడుతోందో చూడటం కూడా ధ్యానమే. శవాసనంలో భయం వేస్తే పక్కకు తిరిగి పడుకోండి. మీ క్లాసులో మరొకరికి కూడా ఇది ఉపయోగపడవచ్చు: చిన్ననాటి దెబ్బలేవో లోపల దాచుకున్నవాళ్ళు, లేనివి వినిపించడం లాంటి జబ్బు ఒకసారైనా వచ్చినవాళ్ళు రోజుల తరబడి మౌనంగా కూర్చునే ధ్యాన శిబిరాలకు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు.

సైకాలజిస్టు మీచేత ఆలోచనలు రాయిస్తున్నారనుకుంటాను. ‘యోగాలోనూ ఇదే ఉంది, ప్రతిపక్ష భావన (ఎదురు తలపు తెచ్చుకోవడం)’ అని ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. రెండో పాదం 33వ సూత్రం అది. పోలిక ఉంది, కానీ రెండూ ఒకటి కావు. హింస వంటి తలపులు బాధించినప్పుడు వాటి ఫలితం అంతులేని దుఃఖమూ అజ్ఞానమూ అని తలచుకొమ్మని సూత్రాలు చెబుతాయి. 1960లలో అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టిన చికిత్స మరో పని చేస్తుంది. చెడు ఆలోచన స్థానంలో మంచి ఆలోచన పెట్టమనదు, ‘నిరూపణ ఏది?’ అని అడుగుతుంది. ‘నాకు హార్ట్ అటాక్ వస్తోంది’ అన్నది ఒక ప్రతిపాదన. ఐదుసార్లు వచ్చింది, ఈసీజీ, ఎకో మామూలే, ఐదుసార్లూ దానంతటదే దిగింది. ఈ దత్తాంశంతో పిల్లలైతే ఏ జవాబు రాస్తారు? ‘నాకేం కాదు, నాకేం కాదు’ అని జపం చేసేదానికన్నా ఈ లెక్క గట్టిది.

మాత్ర గురించి స్పష్టంగా చెబుతాను. ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీరు సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం రావచ్చు. వాటిని చూసి ‘జబ్బు తిరగబెట్టింది’ అని హడలిపోతారు. బాగైన తర్వాత కూడా చాలా నెలలు వాడి, డాక్టరే మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ఆ తగ్గించే రోజుల్లో మీ పొద్దుటి సాధన ఎంతో అక్కరకొస్తుంది. ఆపే నిర్ణయం మాత్రం రాసిన డాక్టరుది. మాత్ర మానమన్న గురువుగారికి ఆసనాలు బాగా వచ్చి ఉండవచ్చు, మీ మీద అభిమానమూ ఉండవచ్చు. ఆ మాట మాత్రం ఆయన అనకూడనిది. ‘డాక్టరు గారు భస్త్రిక, కపాలభాతి వద్దన్నారండీ, ఆ సమయంలో నేను మామూలు శ్వాసతో కూర్చుంటాను’ అని నమ్రతగా, గట్టిగా చెప్పండి. ఒప్పుకోకపోతే క్లాసు మారండి.

మీవారికి ఒక మాట. రెండు పడవలు కావండీ, ఒకే పడవకి రెండు తెడ్లు. ఈ కలయిక కొత్తదీ కాదు. స్వామి కువలయానంద 1924లోనే లోనావాలాలో కైవల్యధామం అనే యోగా సంస్థ పెట్టి యోగాను ప్రయోగశాలలోకి తెచ్చారు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక వైద్య కళాశాలలో ఒత్తిడి తగ్గించే కార్యక్రమం మొదలుపెడితే అందులో ధ్యానంతో పాటు హఠయోగమూ ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సైకియాట్రీ ఉన్న ప్రాంగణంలోనే యోగా చికిత్సా ఉంది. మన విశాఖలో కోనేరు రామకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం నేర్పుతూ యోగాన్నీ భారతీయ చింతననూ దానిలో భాగంగానే చూశారు. మీరు రోజూ బండి మీద దింపడం ప్రేమే, కాదనను. కానీ దింపిన ప్రతిరోజూ బస్సు ఇంకొంచెం పెద్ద భూతమవుతోంది.

అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండమ్మా. యోగా క్లాసుకు ఆవిడే తీసుకెళ్ళారు. కోడలికి దడ వస్తోందంటే ‘నాటకాలు’ అనే ఇళ్ళు చూశాను నేను. పొద్దున్నే మీ పక్కన చాప వేసుకుని ఆవిడనూ భ్రామరి చేయమనండి.

ఇక బస్సు. సైకాలజిస్టుతో కలిసి మెట్లు వేసుకోండి. నేనైతే ఇలా వేస్తాను. మొదటి వారం మీవారితో బస్సు కాంప్లెక్సుకి వెళ్ళి, ఆగి ఉన్న పిఠాపురం బస్సులో పది నిమిషాలు కూర్చుని దిగిపోవడం. తర్వాత ఆయన పక్క సీట్లో ఉండగా సర్పవరం జంక్షన్ దాకా. తర్వాత ఆయన బండి మీద వెనకాల వస్తుండగా మీరొక్కరే. ప్రతి మెట్టు దగ్గరా భయానికి పదికి ఎన్ని మార్కులో చిన్న పుస్తకంలో రాయండి, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. దడ వచ్చిన స్టాపులో దిగిపోకండి, ఒక స్టాపు దాటాక దిగండి. ఆ ఒక్క స్టాపే ఈ వైద్యంలో చాలా విలువైనది. శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం లాంటివి కొత్తగా వస్తే మాత్రం పానిక్ అని సరిపెట్టుకోకుండా గుండె డాక్టరుకు చూపించండి.

రెండు నెలల తర్వాత మళ్ళీ రాయండి. ఆ మార్కుల పుస్తకంలోంచి ఒక పేజీ కాపీ చేసి పంపండి. చిత్రాడ స్టాపు దాటిన రోజు తేదీ కింద గీత గీసి మరీ పంపండి.